దన్నమ్మకి రెండు బొట్లు

నేను ఒక నడకబండిని. ముందు ఒక చక్రం, వెనక రెండు, పట్టుకోవడానికి అడ్డంగా ఒక పిడి. అంతే నా ఒళ్ళు. నన్ను నడపడానికి ఎద్దు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు. నాలుగు పాలపళ్ళు వచ్చిన మనిషి ఒకరుంటే చాలు. అక్షరం ముక్క రాదు గాని, జ్ఞాపకానికి మాత్రం లోటు లేదు. ఏ పిల్ల ఏ గడప దగ్గర బోర్లా పడిందో, ఎవడు నా చక్రం సందున శనగలు కుక్కాడో, ఎవరు నన్ను మాట్లాడమని చెవులు కొరికారో, అడగాలే గాని అన్నీ చెబుతాను. వినేవాళ్ళకి ఓపిక ఉండాలి.

మాది తునిలో రైలుకట్ట పక్క వీధి. వడ్రంగి సింహాద్రాచారి ఎవరింటికో గుమ్మం చేస్తే మిగిలిన టేకుముక్కతో నా ఒళ్ళు చేశాడు, అంకుడు కర్రతో చక్రాలు తీశాడు. చేయించుకున్నది నూకరత్నం. అప్పుడామె జీడిపిక్కల కర్మాగారంలో పనిచేసేది. నన్ను తీసుకుపోవడానికి వచ్చి, నేలమీద ఒక్కసారి తోసి చూసింది.

"కిర్రుమంటాంది బావూ, కాసింత నూనె ఎయ్యరాదా?"

"నూనె ఎప్పుడూ ఎయ్యకమ్మా," అన్నాడు చారి. "కిర్రు వినబడినంతసేపూ నీ పని నువ్వు చేసుకో. కిర్రు ఆగిందా, పరిగెట్టు. ఆగిందంటే రెండే. నోట్లో ఏదో పెట్టుకున్నాడు, లేపోతే బండిని వదిలీసి నడిచీశాడు."

నా బతుకంతా ఆ ఒక్కమాటలో చెప్పేశాడు మహానుభావుడు. నన్ను పట్టుకోవడం నేర్పేది వదిలెయ్యడానికేనని అప్పటికి నాకు తెలీదు. కొత్తగా పుట్టినదాన్ని కదా!

మా వీధికి ఒక ఆనవాయితీ ఏర్పడింది. పిల్ల నన్ను వదిలి మొదటి అడుగు వేసినప్పుడు, ఆ అడుగు కళ్ళారా చూసినవాళ్ళు గడపలకి వేసే ఎర్రరంగుతో నా పిడి మీద ఒక బొట్టు పెట్టాలి. ఆ తరవాత అరిసెలు వండి, పళ్ళెంలో పరిచి, పిల్ల చేత వాటిమీద అడుగులు వేయించి వీధంతా పంచాలి.

నా మొదటి బొట్టు నూకరత్నం కొడుకు సన్నిబాబుది. పెట్టింది మాత్రం నూకరత్నం కాదు, పక్కింటి అచ్చియ్యమ్మ. నూకరత్నం పనికి పోతే పిల్లవాణ్ణి ఆమే చూసేది. వాడు నన్ను వదిలి మూడడుగులు వేశాడు. అచ్చియ్యమ్మ వాణ్ణి చంకనేసుకుని, చెప్పుల్లేని కాళ్ళతో కర్మాగారం దాకా పరిగెత్తి, నలభైమంది ఆడవాళ్ళ ముందు "వదినా, నీ కొడుకు నడిచీశాడు!" అని కేక పెట్టిందట. నూకరత్నం నవ్విందట. సాయంత్రం ఇంటికొచ్చాక నా పక్కన చతికిలబడి, జీడిరసంతో నల్లబడ్డ వేలితో నా పిడిమీది బొట్టును తడిమింది. తడి ఇంకా ఆరలేదు. ఆ వేలికి కొంచెం ఎరుపు అంటింది. ఆ ఎరుపు కేసి ఎంతసేపు చూసిందో! నాకు నోరుంటే బాగుండునని మొదటిసారి అనుకున్నది ఆ పూటే.

ఆ తరవాత నేను వీధిలో పది ఇళ్ళు తిరిగాను. నన్ను తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరూ వట్టినే ఇవ్వలేదు. పిడికి పసుపుకొమ్ము కట్టి, బెల్లంముక్క పెట్టి ఇచ్చేవారు. అలా పదకొండు బొట్లయ్యాయి. మనుషుల తీరు కూడా బాగా తెలిసింది. ఏడాదిపాటు "నడువు, నాన్నా, నడువు" అని పిల్లల ప్రాణం తీస్తారు. నడిచిన మర్నాటి నుంచి "కూర్చో, ఒక్కచోట కూర్చోవే" అని అరుస్తారు. వాళ్ళ కోరిక తీరిందని సంతోషించాలో, తీరినందుకు జాలిపడాలో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ముప్ఫై ఏళ్ళు గడిచాక మళ్ళీ నూకరత్నం గడప తొక్కాను. సన్నిబాబుకి కూతురు పుట్టింది. పేరు ధన్విక. ఆ పేరు నూకరత్నం నోరు తిరక్క దన్నమ్మ అయింది. సన్నిబాబు లారీ తోలతాడు, నెలకి రెండుసార్లు కనబడితే గొప్ప. అతని పెళ్ళాం రామతులసి బస్సు కండక్టరు. తెల్లారకుండా కొండమీది చింతపల్లి బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి దిగుతుంది. కనక దన్నమ్మ రాజ్యంలో మిగిలింది నాయనమ్మా, నేనూ.

ఏం రాజ్యం తల్లీ అది! పప్పు గిన్నె నెత్తిన బోర్లించుకుని కిరీటం పెట్టుకున్నట్టు నవ్వేది. టీవీ రిమోటును తాగేనీళ్ళ బిందెలో వేసి, అది తేలుతుందేమోనని వంగి చూసేది. నాయనమ్మ చెప్పు ఒకటి కుక్కకి తినిపించి, రెండోది తను కొరికేది. నోట్లో వేలుపెట్టి తీస్తే సుద్దముక్క, చింతగింజ, ఒకసారి బతికున్న చీమ. నూకరత్నం రోజుకి వందసార్లు "ఓలమ్మో, నా వల్ల కాదర్రా" అనేది. దన్నమ్మ నిద్రపోయిన అరగంటలో మాత్రం పనేమీ తోచక, దాన్ని లేపితే బాగుండునన్నట్టు ఉయ్యాల చుట్టూ తిరిగేది.

ఇంట్లో మాత్రం ముచ్చట్లకి లోటు రానివ్వలేదు. దన్నమ్మ బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు. కానీ ఇవన్నీ తులసి ఎలా చూసిందంటారు? నూకరత్నం తరవాతి బస్సులో పంపే క్యారేజీలో. ఆ పూట పిల్ల ఏం చేసిందో చింతపల్లి బస్టాండులో మూత తీసినప్పుడే ఆమెకి తెలిసేది. ఒకరోజు పప్పు మీద గిన్నెలో బొబ్బట్టు కనబడింది. ఇంకోరోజు పాయసం. గారెలు కనబడిన రోజున ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా నా పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఒక్కమాట అడుగుతాను, కోప్పడరు కదా?"

"అడగవే."

"అన్నీ క్యారేజీలోనే చూశాను. అరిసెలు మాత్రం అందులో పెట్టి పంపకండి. ఆ ఒక్కటీ నేను చూడాలి."

"నా చేతిలో ఏటుందే పిచ్చిదానా, దాని కాళ్ళలో గాని," అంది నూకరత్నం. అంది గాని, ఆమె చెయ్యి నా మొదటి బొట్టు మీద ఉంది.

ప్రతి సాయంత్రం తులసి వీధి మలుపులో మెడలో ఉన్న ఈల చిన్నగా ఊదేది. అది వినగానే దన్నమ్మ నా పిడి పట్టుకుని కిర్రుకిర్రుమంటూ గుమ్మం దాకా నన్ను తోసుకొచ్చేది. ఈలకి కిర్రు బదులన్నమాట. ఆ చప్పుడు వింటూ తులసి చివరి పది గజాలూ గబగబా వచ్చేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం జరిగింది ఆ ఘోరం. గురువారం తులసికి సెలవు. ఇంకా రెండు రోజులుంది. దన్నమ్మ నన్ను తోసుకుంటూ బీరువా దాకా వచ్చింది, ఆగింది, నా పిడి వదిలేసింది. కిర్రు ఆగింది. వంటింట్లోంచి నూకరత్నం పరిగెత్తుకొచ్చేసరికి ఒకటి, రెండు, మూడు అడుగులు! నాలుగోదానికి కూలబడి చప్పట్లు కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఎవరనుకున్నారు? అచ్చియ్యమ్మ.

"వదినా! నడిచీసింది! నీ కోడలికి ఫోను కొట్టనా?"

"ఓలే అచ్చియ్యమ్మా, నోరు ముయ్యవే!" అని నూకరత్నం ఆమె కొంగు పట్టుకుంది.

"అదేటొదినా, మంచి కబురు దాచుకుంటారేటి?"

"నా కొడుకు నడిచిన రోజు గుర్తుందా నీకు?"

"గుర్తులేకేటి! చెప్పులైనా ఏసుకోకుండా పరిగెట్టుకొచ్చీసేను. ఎంత సంబరపడిపోయేవు! ఎంత నవ్వేవు!"

"నవ్వేను. నలభైమంది ముందు ఏడుస్తానేటి?"

ముప్ఫై ఏళ్ళుగా అచ్చియ్యమ్మ తను చేసిన గొప్ప మేలని చెప్పుకున్న కథ అది. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా ఆ పరుగు గురించే చెప్పేది. మెల్లగా, "నాతో ఒక్కసారైనా అనకపోయేవేటొదినా," అంది. తోడు తీసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి ఆమె వీధి అరుగు మీదికి రాలేదు. నోట్లో పెద్ద కిళ్ళీ కుక్కుకుని లోపలే కూర్చుందట, మాట జారుతుందేమోనని. ఆమె బతుకులో అంతకన్నా కష్టమైన పని చేసి ఉండదు.

ఇక నూకరత్నం పాట్లు వినండి. పిల్లని నడవనీకుండా ఆపడం! నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అలాంటి వింత చూడలేదు. మంగళవారం సాయంత్రం తులసి వచ్చేముందే పిల్లని జోకొట్టి నిద్రపుచ్చేసింది. బుధవారం పొద్దుటినుంచీ చంకనేసుకుంది. మోకాళ్ళు సలిపి దింపితే పిల్ల టకటకా నడిచింది. పట్టుకొచ్చి ఖాళీ బియ్యం గంగాళంలో కూర్చోబెట్టి చుట్టూ గరిటెలు వేసింది. గంగాళంతో సహా దొర్లి బయటపడి నడిచింది. చివరికి దాని రెండు చేతులూ నా పిడికి ఆనించి దండం పెట్టింది.

"నా తల్లి కదూ, ఈ బండి వదలకే. రేపటి దాకా ఆగవే. మీ అమ్మ చూడాలే."

దన్నమ్మ నాయనమ్మ ముక్కు పట్టుకుని లాగింది. అదీ దాని జవాబు.

బుధవారం సాయంత్రం ఈల వినబడింది. దన్నమ్మ చెవులు రిక్కించి నన్ను పట్టుకుంది. కిర్రు, కిర్రు. నూకరత్నం రెండు చేతులూ చాచి వెనకే వస్తోంది, పట్టుకోవాలో వదలాలో తెలీక. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో పిల్ల నన్ను వదిలేసింది.

కిర్రు ఆగింది.

బయట చెప్పుల చప్పుడు ఒక్కసారి పరుగయింది. "అత్తయ్యా, నోట్లో ఏదో పెట్టుకుంది చూడండి!" అంటూ తులసి గుమ్మంలోకి దూకింది. దూకి, అక్కడే నిలబడిపోయింది. దన్నమ్మ నోట్లో ఏమీ లేదు. చేతుల్లోనూ ఏమీ లేదు. తల్లి మెడలో ఊగుతున్న ఈల వైపు చేతులు చాచి, తాగినవాడిలా అటూ ఇటూ తూలుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెళ్ళి ఈల పట్టుకుంది. తులసి అలాగే మోకాళ్ళ మీద కూలబడి పిల్ల మెడలో ముఖం దాచుకుంది.

"నడిచింది అత్తయ్యా! నన్ను చూసే నడిచింది!"

"నిన్ను చూసే నడిచిందే. మొదటిసారి," అంది నూకరత్నం. ముప్ఫై ఏళ్ళలో ఆమె అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. దేవుడు దాన్ని లెక్కలో రాసుకుని ఉండడు.

ఇక్కడితో కథ బాగానే ముగిసేది. కానీ ఎంత జాగ్రత్తపరులైనా ఒకచోట దొరికిపోతారు. నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళిన తులసి మూలనున్న పెద్ద గిన్నె మూత ఎత్తింది. నిండా నానిన బియ్యం. అరిసెలకి బియ్యం ఒకపూట నానితే చాలదు, నీళ్ళు మారుస్తూ ఒకటి రెండు రోజులు నానాలి. మంగళవారం ఆ మూడడుగులు చూసిన సంబరంలో నూకరత్నం చేతులు ఆమెను అడక్కుండానే మూడు సేర్లు నానబోసేశాయి. నోటిని కట్టేసుకుంది గాని చేతుల్ని కట్టుకోలేకపోయింది.

తులసి రెండు గింజలు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఇట్టే పిండైపోయాయి. గుమ్మం దగ్గర్నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

"ఈ బియ్యం ఎప్పుడు నానబోశారు అత్తయ్యా?"

నూకరత్నం నేల చూపులు చూసింది. "ఇడ్లీకేలే."

"ఇడ్లీకి మూడు సేర్లా?"

పొయ్యిమీద పాలు పొంగుతున్నా ఎవరూ కదల్లేదు. నాకు భయం వేసింది. ఇప్పుడు తులసి ఏడుస్తుంది, ఇంకో బొట్టు మీద ఇంకో ముప్ఫై ఏళ్ళ మౌనం మొదలవుతుంది అనుకున్నాను. తులసి పొయ్యి కట్టేసింది. గింజల్ని మళ్ళీ గిన్నెలో వేసి మూత పెట్టింది.

"బాగా నానాయి," అంది. "రేపు పొద్దున్నే ఒంపేసి పిండి దంపుదాం. పాకం మాత్రం మీరే పట్టాలి, నాకు ముదిరిపోతుంది."

మర్నాడు అచ్చియ్యమ్మ పిలవకుండానే వచ్చి అరిసెలు ఒత్తింది. పళ్ళెంలో పరిచిన గోరువెచ్చటి అరిసెల మీద దన్నమ్మ అడుగులు వేసి, ఐదోదాన్ని చేత్తో ఎత్తి కొరికింది. తరవాత తులసి ఒక మూతలో ఎర్రరంగు తెచ్చింది. పన్నెండో బొట్టు పెట్టింది. అయిపోయిందనుకున్నాను. మూతను అత్తగారి ముందుకు జరిపింది.

"ఆ పక్కన ఇంకోటి పెట్టండి. మంగళవారానిది."

నూకరత్నం వేలు రంగులో ముంచింది. అచ్చియ్యమ్మ ఆ మణికట్టు పట్టుకుని బొట్టు పెట్టించింది. అలా మా వీధిలో అందరికీ ఒక్కో బొట్టు, దన్నమ్మకి రెండు.

ఇప్పుడు నేను అటక మీదున్నాను, ఆవకాయ జాడీ పక్కన. వీధిలో కొత్తగా పుట్టినవాళ్ళకి రంగురంగుల ప్లాస్టిక్ బళ్ళు వచ్చాయి. వాటికి పాటలొస్తాయట, కిర్రు రాదట. ఎవరి మీదా కోపం లేదు. వదిలెయ్యడం నేర్పినదాన్ని, నన్ను వదిలేశారని ఏడిస్తే ఏం మర్యాద? కానీ కింద దన్నమ్మ పాదాల చప్పుడు ఒక్కోసారి ఆగుతుంది. అప్పుడు, అది నోట్లో ఏం పెట్టుకుందోనని, నా చక్రం తనంతట తనే కదలబోయి ఆగిపోతుంది.

మొన్న సెలవురోజున తులసి స్టూలెక్కి జాడీ కోసం చెయ్యి చాచింది. చెయ్యి జాడీ మీద కాక నా మీద పడింది. ఆగింది. ఒక వేలితో నా ముందు చక్రాన్ని మెల్లగా తిప్పింది.

కిర్రు.

కింద కత్తిపీట ముందున్న నూకరత్నం కూర వదిలేసి గుమ్మం వైపు చేతులు చాచింది. తులసి కూడా స్టూలు మీంచి అటే తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. దన్నమ్మ ఎప్పుడో వీధిలోకి పరిగెత్తేసింది.