కంచుకంఠం సాక్ష్యం

యుద్ధానికి ముందు అతను రేడియో స్టేషన్లో కూరగాయల ధరలు, వాతావరణం చదివేవాడు. నాటకాల్లో రాజు వేషం కోసం ఎంత తిరిగినా భటుడి వేషం కూడా ఎవరూ ఇవ్వలేదు. ఉల్లిపాయల ధరని సైతం దండయాత్ర ప్రకటించినట్టు చదువుతాడని తోటివాళ్ళు కంచుకంఠం అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని అతనికి ఏనాడూ తట్టలేదు.

శత్రుసైన్యం ఊళ్ళోకి రాగానే స్టేషన్ సిబ్బంది చాలామంది ఎటువాళ్ళటు పారిపోయారు. కంచుకంఠం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వేళకి డ్యూటీకి వెళ్ళాడు. అక్కడ శత్రువుల అధికారి ఒకడు అతను చదవడం విని, ఇలాంటి గొంతుని మీవాళ్ళు ఇన్నాళ్ళూ ఉల్లిపాయలకి వాడుకున్నారా అన్నాడట. మనిషి అక్కడికక్కడే ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తుపాకీ గురిపెట్టే శ్రమ కూడా వాళ్ళకి కలగనివ్వలేదు.

ఏటి అవతలి ఒడ్డున ఇంకా పోరాడుతున్న మనవాళ్ళ కోసం రోజూ సాయంత్రం అతని కార్యక్రమం వచ్చేది. పాటలు, మధ్యలో ఉపన్యాసం. మీ నాయకులు మిమ్మల్ని వదిలేశారు, మీ పెళ్ళాంపిల్లలు పస్తులుంటున్నారు, ఆయుధాలు పడేసి ఇంటికి రండి. మాటలు వాళ్ళు రాసిచ్చినవే. నిట్టూర్పులు మాత్రం ఇతని సొంతం. గొంతు ఎక్కడ వణకాలో అద్దం ముందు నిలబడి సాధన చేసుకునేవాడు.

అతని ఇంట్లోనే తల్లీ, చెల్లెలూ ఉండేవారు. చెల్లెలు బట్టలు కుట్టేది. ఆమె భర్త ఏటి అవతల సైన్యంలో ఉన్నాడు. వాళ్ళ చంటిపాపకి జ్వరం తగిలింది. మందుల లారీలని శత్రువులు ఊరి బయటే ఆపేశారు. నీ అధికారిని ఒక్క మాట అడుగు అన్నయ్యా అని చెల్లెలు బతిమాలింది. ఇంత చిన్న విషయానికి ఆయన్ని ఇబ్బంది పెడితే బాగుండదన్నాడు.

పాప పోయింది. ఆ మర్నాడు సాయంత్రం పక్కింటి రేడియోలోంచి అతని గొంతు వినిపించింది.

"బావా, వింటున్నావా? నీ కూతురు ఇక లేదు. నాన్నా, నాన్నా అని కలవరిస్తూ పోయింది. మీ ప్రభుత్వం మందులు పంపలేదు."

పాపకి ఇంకా మాటలే రాలేదు. చెల్లెలు లేచి, అతని మంచం, పెట్టె, అద్దం వీధిలో పడేసి తలుపు వేసుకుంది. అతను హోటల్ గదికి మారాడు. కిటికీలోంచి వ్యూ బాగుందని అందరితో చెప్పుకున్నాడు.

చివరికి శత్రువులు ఓడిపోయారు. వెళ్ళేటప్పుడు లారీల్లో కుర్చీలకి, తివాచీలకి కూడా చోటు చేశారు గానీ ఇతనికి చేయలేదు. సూట్‌కేసు పట్టుకుని స్టేషన్ మెట్ల మీద నిలబడి ఉండగా మనవాళ్ళు వచ్చి పట్టుకున్నారు.

అల్లుడు ఇంటికి వచ్చాడు. సంచీ దించాడు గానీ పాప ఏదని అడగలేదు. ఎవరి నోట విన్నాడో తల్లికి అర్థమైంది. జైలుకి వెళ్ళి కొడుకుతో ఆ సంగతి చెప్పి ఏడ్చింది.

ఉరిశిక్ష పడవచ్చన్నారు. లాయరుకి ఒకే దారి కనిపించింది. ఆ కార్యక్రమం ఎవరూ వినలేదని, అందుకని నష్టమేమీ జరగలేదని ఒక సైనికుడు చెప్పాలి. తల్లి అల్లుణ్ణి అడిగింది. నువ్వు చెప్పక్కర్లేదని భార్య అంది. అతను చాలాసేపు ఆలోచించి, అత్తయ్య కోసం చెబుతానన్నాడు.

"పాటల కోసం పెట్టుకునేవాళ్ళమండి," అన్నాడు కోర్టులో. "ఈయన మొదలెట్టగానే రేడియో కట్టేసి గిన్నెలు కడుక్కునేవాళ్ళం. ఆయన ఏం చెప్పాడో మాలో ఎవరికీ తెలీదు."

కోర్టు హాలంతా నవ్వింది. లాయరు మొహం వెలిగిపోయింది. అంతకుముందు దేశద్రోహి అని తిడుతుంటే చలించని కంచుకంఠం, ఆ నవ్వుకి పాలిపోయాడు. లాయరు కోటు పట్టి లాగుతున్నా లేచి నిలబడ్డాడు.

"అబద్ధం. నా గొంతు విననివాడు ఆ ఒడ్డున లేడు. ఈయనా విన్నాడు. కూతురు పోయిన సంగతి ఈయనకి నేను చెబితేనే తెలిసింది. కావాలంటే మా అమ్మని అడగండి."

తల్లి రెండు చేతులతో మొహం కప్పుకుంది. విన్నావా అని జడ్జి సాక్షిని అడిగాడు.

"విన్నానండి," అన్నాడు బావ.

యావజ్జీవం పడింది. తీర్పు చదువుతున్న గుమాస్తా ఒత్తులు మింగేస్తుంటే కంచుకంఠం మొహం చిట్లించాడు.

తల్లి ఒక్కసారే జైలుకి చూడటానికి వెళ్ళింది. బాగున్నావా అని కూడా అడగలేదు అతను. కోర్టులో తను మాట్లాడిన తీరు గురించి పేపర్లలో ఏం రాశారని అడిగాడు.

"ఏమీ రాయలేదురా," అని ఆవిడ లేచి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు.