సోమేశ్వరరావు చేతిముద్ద

ఆదివారం ఉదయం తొమ్మిదయ్యేసరికి, ఎండా వానా లేకపోయినా తెరిచిన గొడుగుతో సోమేశ్వరరావు కోరాపుట్ కూరగాయల బజారు వెనకున్న హాలుకి నడుచుకుంటూ వస్తాడు. అక్కడ ఆరుగురు ఎదురుచూస్తుంటారు. అందరూ ఇరవై దాటినవాళ్లే. తలలో అనుకున్న పని చేతిదాకా వచ్చేసరికి దారి తప్పిపోతుంది వాళ్లకి. డాక్టర్లు దాన్ని డిస్‌ప్రాక్సియా అన్నారు. ఊళ్లోవాళ్లు అంత కష్టపడకుండా చచ్చుచేతులు అన్నారు.

రావుగారు వాళ్లకి జీతంలేని మాస్టారు. "ముప్పైనాలుగేళ్లు ఫైళ్లకి తాడు కట్టినవాణ్ణి. నాకొచ్చిన విద్యలు వేళ్లమీద చెప్పొచ్చు. అందులోనూ సగం వేళ్లు ఖాళీ," అని మొదటిరోజే ఒప్పేసుకున్నాడు.

ఆయనతో చిక్కు ఒక్కటే. ఏ పని నేర్పితే ఆ పని ఆయన చేతుల్లోంచి వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయేది. వానాకాలంలో గుండీలు పెట్టుకోవడం నేర్పేడు. ఆరుగురూ చకచకా పెట్టేసుకున్నారు, ఆయన బొజ్జ చూపించుకుంటూ ఇంటికొచ్చేడు. తర్వాత బూటు తాళ్లు పోయాయి, కమలాపండు వొలవడం పోయింది. ఇదేమిటని ఎవరూ అడగలేదు. దర్జీ ఆయన చొక్కాలకి జిప్పులు కుట్టిచ్చేడు. చెప్పులకొట్టువాడు తాళ్లులేని జోళ్లు తీసి ఉంచేడు.

భార్య గౌరీశ్వరి, గుణుపురం దగ్గరి రైతుల ఆడపడుచు, మంచంమీంచే పలకరించేది.

"ఇయాల ఏటిచ్చొచ్చేరు?"

"గొడుగు ముడవడం."

"బాగుంది. ఇంక దాన్ని ఏసుకునే పడుకోండి."

రెండేళ్ల కిందట పక్షవాతమొచ్చి గౌరీశ్వరి కుడిచెయ్యి పడిపోయింది. పూటపూటా అన్నం కలిపి, ముద్ద చేసి, నోటికందించేది రావుగారే. ఆ ఒక్క విద్య ఊసు మాత్రం ఆయన హాల్లో ఎత్తలేదు.

ఆరుగురిలో సుహాసిని ఒకతె. పొట్టంగి దగ్గర అల్లం పండించే ఎర్రయ్య కూతురు, ఇరవైరెండేళ్ల పిల్ల. పసిపిల్లలంటే ప్రాణం. కాని సొంత అన్న కూడా తన బిడ్డని ఆమె ఒళ్లో పెట్టలేదు, జారవిడుస్తుందని. కూలికెళ్లే తల్లులు పగలు పిల్లల్ని వదిలివెళ్లే ఇల్లొకటి పొట్టంగిలో ఉంది. అక్కడ అన్నం తినిపించే పని ఖాళీ అయింది.

"మాస్టారూ, బుధవారం రమ్మన్నారు. పిల్లలకి తినిపించి సూపించాలంట. నేర్పండి," అంది సుహాసిని.

రావుగారిలోని గుమాస్తా నిద్రలేచేడు. కాదనకూడదు, ఇవ్వనూకూడదు. చెంచాతో తినిపించడం నేర్పేడు. ఆమె చక్కగా నేర్చుకుంది. చెంచా పోతే పోయింది, ముద్ద మిగిలిందని ఆయన ఈల వేసుకుంటూ ఇంటికెళ్లేడు.

బుధవారం పిల్లలు స్టీలు చెంచాని చూసి మూతులు బిగించేసేరు. అమ్మ చేతిముద్ద తప్ప ఎరగనివాళ్లు. సుహాసిని చెంచా వదిలి చెయ్యి పెట్టింది. ఒక ముద్ద ఒకడి చెవిలోకి, ఇంకోటి ఒకదాని జుత్తులోకి వెళ్లింది. అక్కడి పెద్ద దేబాశిష్ బాబు మంచివాడే. సోమవారం ఇంకొక్కసారి చూస్తానన్నాడు. అప్పటికీ కాకపోతే వేరే అమ్మాయిని తీసుకుంటారు.

ఆ సంగతి సుహాసిని ఫోన్లో ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేదనిపించింది రావుగారికి.

మర్నాడు మధ్యాహ్నం ముద్ద అందిస్తే గౌరీశ్వరి నోరు తెరవలేదు.

"ఆ అమ్మికి సెంచా ఎందుకిచ్చేరు?"

"శుభ్రంగా ఉంటుందని..."

"నాకాడ ఆఫీసు మాటలాడకండి. ఈ ఆదివారం సెయ్యి నేర్పీయండి."

"మరి నువ్వో?"

"నాకు అరవైరెండేళ్లు. ఆ పిల్లలకి రెండేళ్లు. ఆకలికి ఎవులు ఆగగల్రో మీరే సెప్పండి."

ఆదివారం రావుగారు పప్పన్నం క్యారేజీ పట్టుకుని హాలుకెళ్లేడు.

"నాలుగు వేళ్లతో దగ్గరికి తియ్యి. నలిపెయ్యకు. బొటనవేలు వెనకనుంచి తోస్తుంది. చూపు ముద్దమీద కాదమ్మీ, తినేవాళ్ల నోటిమీద."

సుహాసిని మొదటి ముద్ద ఆయన బుగ్గకి పెట్టింది. రెండోది కళ్లద్దాలకి.

"మీ నోరు మరీ సిన్నది మాస్టారూ!"

"మా ఆఫీసులో ఎవరూ ఆ మాట అనలేదు," అన్నాడాయన పప్పు తుడుచుకుంటూ.

మూడోది తిన్నగా నాలుకమీదికి వచ్చింది. ఆయన నమిలి మింగేలోపు బొటనవేల్లోంచి ఏదో దిగిపోయింది. తడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కాసేపు దానివంక చూశాడు. చుట్టూ మిగతా ఐదుగురూ ఒకరికొకరు తినిపించుకుంటున్నారు.

సోమవారం మధ్యాహ్నం పొట్టంగిలో పదకొండుమంది పిల్లలు గోడవార కూర్చున్నారు. సుహాసిని చెయ్యి ఒక నోటినుంచి ఇంకో నోటికి నడిచింది. గచ్చుమీద మెతుకు రాలలేదు. ఆఖరి పిల్ల తినేసి, ఆమె ఒళ్లోకెక్కి, చున్నీ కొస నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

"రేపు ఎనిమిదికి వచ్చెయ్," అన్నాడు దేబాశిష్ బాబు, పిల్ల లేవకుండా గొంతు తగ్గించి.

ఆదివారమంతా గౌరీశ్వరికి పాలు తాగించి నెట్టుకొచ్చిన రావుగారు అదే వేళకి కోరాపుట్‌లో కంచం ముందు కూర్చున్నాడు. భార్యకని ముద్ద చెయ్యబోతే అన్నం వేళ్లసందుల్లోంచి జారిపోయింది. నాలుగుసార్లు జారింది. ఆయన తల ఎత్తలేదు.

గౌరీశ్వరి ఎడంచెయ్యి బాగానే ఉంది. ఆ చేత్తో అన్నం ముట్టకూడదని చిన్నప్పుడు తల్లి కొట్టి నేర్పింది. రెండేళ్లుగా ఎంత ఆకలేసినా ముట్టలేదు. ఇప్పుడు ఆ చేత్తోనే కంచం తనవైపు లాక్కుంది.

"అటు తిరగండి," అంది.

ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వెనక, గాజులు కంచానికి తగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.