ఐదు గుళ్ళ కొవ్వొత్తులు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందు గదిలో మంచం మీద అమ్మ. ఆమె కాళ్ళ దగ్గర పీట వేసుకుని, చేతిలో జపమాలతో నానమ్మ. పెరటి షెడ్డులో మైనం కాస్తూ నాన్న. అమ్మకు జబ్బు ముదిరిందని తెలిసి నాలుగు రోజుల క్రితం వచ్చిన అత్త, అంటే నాన్న వాళ్ళ అక్క. ఐదో మనిషిని నేను. అత్త లెక్కలో అయితే నలుగురే. నన్ను ఆమె 'మూగమ్మ' అంటుంది. ఉన్నానో లేనో తెలియదట.

మాది కొవ్వొత్తులు పోసే ఇల్లు. చుట్టుపక్కల ఉన్న ఐదు చర్చి గుళ్ళకూ మేమే ఇస్తాం. నానమ్మ వత్తులు పేనుతుంది, నాన్న అచ్చుల్లో మైనం పోస్తాడు, అమ్మ సైకిలు మీద గుడిగుడికీ చేరుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు కాలగా మిగిలిన ముక్కలను గోనెసంచిలో వేసుకుని వస్తుంది. అవన్నీ మళ్ళీ కాగులోకే. జనం కొవ్వొత్తి వెలిగించి, దండం పెట్టి అటు వెళ్ళగానే గుడి చూసుకునేవాళ్ళు దాన్ని ఆర్పేస్తారు. ఈ సంగతి మొక్కుకున్నవాళ్ళకు తెలియదు. సంచి విప్పే మాకు తెలుసు.

"ఎవరి బిడ్డ కోసం వెలిగించారో ఏమో, సగంలోనే మన కాగులో పడింది," అని నానమ్మ ఒక్కో ముక్కనూ చేతిలోకి తీసుకుని బాధపడేది. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. మనం మనకోసం వెలిగించుకుంటే అది పూర్తిగా అయిపోయేదాకా పక్కనే కూర్చోవాలి. మధ్యలో లేస్తే ఆ మొక్కు చెల్లదు.

అమ్మ కోసం ఒక్క రోజులో ఐదు గుళ్ళూ తిరుగుతానని మొక్కుకున్నది నానమ్మే. ఆమె మోకాళ్ళు వాకిలి కూడా దాటనివ్వవు. నేను వెళతానన్నాను. ముందు రోజు కొవ్వొత్తులు కూడా నేనే పోశాను. మామూలువి పెన్సిలంత సన్నగా, వేలెడు పొడవుంటాయి. పావుగంటకు అయిపోతాయి. అమ్మకు అవి చాలవనిపించింది. రెండింతల లావు అచ్చు తీసి పోశాను.

పొద్దున్న బయలుదేరే ముందు అమ్మకు చూపించాను. అమ్మ ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది.

"ఇంత లావా? ఎప్పటికి కాలతాయే ఇవి?"

"నీ కోసమే కదమ్మా."

నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకుంది. "మధ్యాహ్నానికల్లా వచ్చెయ్యి. నీతో ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పు."

అమ్మ కళ్ళతో అత్త వైపు చూపించింది. అత్త దుప్పటి మడతపెడుతున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడింది.

"నేనేం వినట్లేదులే," అంది అత్త.

"వినట్లేదుగానీ మడత పెట్టిందే మళ్ళీ మళ్ళీ మడతపెడుతున్నావు వదినా," అంది అమ్మ. నానమ్మ కూడా నవ్వేసింది.

నేను సైకిలు బయటికి తీస్తుంటే అమ్మ లోపలినుంచే అంది. "గట్టిగా తొక్కకు, చైను ఊడిపోతుంది."

అమ్మ గొంతు నేను విన్నది అదే ఆఖరు.

మొదటిది వంతెన దగ్గరి గుడి. అక్కడ గంట కొట్టే ముసలాయనను అందరూ గంటల తాత అంటారు. నా కొవ్వొత్తి చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఇది కొవ్వొత్తా, పందిరి గుంజా? మీ అమ్మేదీ?"

"ఒంట్లో బాగాలేదు తాతా."

ఆయన ఇంక హాస్యమాడలేదు. మరియమాత బొమ్మ ముందున్న ఇనుప చట్రంలో ఖాళీ లేక రెండు ముక్కలు తీసి చోటు చేశాడు. నేను వెలిగించి మోకరించాను. నాకు వచ్చిన ప్రార్థనలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. తల ఎత్తితే కొవ్వొత్తి పావు వంతు కూడా తగ్గలేదు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. పుట్టినప్పటినుంచి మైనంలోనే పెరిగిన దాన్ని, లావు రెండింతలైతే కాలే సమయం రెండింతలు కాదు, నాలుగింతలని తెలియని దాన్ని కాదు. అచ్చు చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం అమ్మ తప్ప ఇంకేమీ తోచలేదు.

ఒక్కో గుడిలో గంటకు పైనే పట్టింది. గుట్ట మీది గుడిలో గాలికి రెండుసార్లు ఆరిపోతే చేతులు అడ్డం పెట్టి కూర్చున్నాను. బడి పక్క గుడిలో ఒక సిస్టరు గారు మంచినీళ్ళు ఇచ్చి, "మీ అమ్మ ప్రతిసారీ నీ గురించే చెబుతుందమ్మా," అన్నారు. ఏం చెబుతుందో అడగాలనిపించింది. గ్లాసు ఇచ్చేసి తల దించుకున్నాను. నూలుమిల్లు గుడిలో ఉండగానే పన్నెండు గంటల కూత వినిపించింది. ఆర్పేసి వెళ్ళిపోదామని ఒకసారి లేచాను. మా సంచిలోని ముక్కలు గుర్తొచ్చాయి. అమ్మ కోసం వెలిగించింది ఆ సంచిలో పడుతుందా? మళ్ళీ కూర్చున్నాను.

ఐదో గుడి సమాధుల తోట పక్కన. అక్కడి ఫాదరు గారే మా ఊరికి కూడా. ఇంటికి అక్కడినుంచి పది నిమిషాలు. ఆఖరి కొవ్వొత్తి సగానికి వచ్చిందనగా ఫాదరు గారు పక్క గదిలోంచి వేగంగా వచ్చారు. చేతిలో చిన్న నల్ల పెట్టె. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు పూసే నూనె అందులో ఉంటుందని మాకందరికీ తెలుసు. స్తంభం చాటున ఉన్న నన్ను ఆయన చూడలేదు. బయట మోటారుసైకిలు చప్పుడు దూరమైంది.

నేల ఊడుస్తున్నావిడ ఆగి శిలువ గుర్తు వేసుకుంది. "పాపం, ఎవరింటికో," అంది నాతో.

ఎవరింటికని అడగాల్సింది. నోటిదాకా వచ్చింది. కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు చేతకాదని అందరూ అంటారు, కానీ ఆ రోజు ఆగింది సిగ్గుతో కాదు. అడిగితే చెప్పేస్తుందేమోనని. ఇప్పుడు లేస్తే, నాలుగు గుళ్ళలో కూర్చున్నదంతా పోయి, అమ్మకు ఏదైనా అయితే నా వల్లే అవుతుందని అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయాను. వత్తి మైనంలో వాలి, పొగ వచ్చి, పూర్తిగా అయిపోయాకే లేచాను. దారిలో చైను ఊడింది. సైకిలు గట్టున పడేసి పరుగెత్తాను.

మా వాకిట్లో ఫాదరు గారి మోటారుసైకిలు ఉంది. నాన్న షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులకు మైనం అలాగే ఉంది.

"ఎక్కడ చచ్చావే?" అత్త ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మధ్యాహ్నంనుంచి నీ కోసమే అడిగింది. తర్వాత తెలివి తప్పింది. ఇంతసేపటికి ఇప్పుడే కళ్ళు తెరిచింది. పో, ముందు పో."

గది గుమ్మంలోకి వెళ్ళాను. ఫాదరు గారు మెడలో ఊదారంగు పట్టీ వేసుకుంటున్నారు. నానమ్మ గోడ పట్టుకుని బయటికి వస్తోంది. అమ్మ తల తిప్పింది. నన్ను చూసింది. పెదవులు కదిలాయి.

"అమ్మా," అన్నాను.

ఫాదరు గారు నా దగ్గరికి వచ్చారు. "కాసేపు బయట ఉండు తల్లీ. మళ్ళీ తెలివి తప్పకముందే ఆమె పాపాలు ఒప్పుకోవాలి, ఆ పాపసంకీర్తనం నేను వినాలి. ఇప్పుడు ఆమె చెప్పేది దేవుడు తప్ప ఇంకెవరూ వినకూడదు."

ఒక్క నిమిషమండీ, నాతో ఒక మాట చెప్పాలంది అని అంటే ఆయన ఆగేవారే. మంచివారు. అమ్మ పెదవులు ఇంకా కదులుతున్నాయి. నన్ను చూస్తూనే ఉంది.

"అలాగేనండీ," అన్నాను.

ఆయన తలుపు మూశారు.