నాలుగు స్క్రూలు

పెళ్ళయిన పదహారో రోజున కోదాడలో హార్డ్ డిస్క్ కొన్నాం. అప్పటికి నాకు ప్రతిదీ పండగే. మహేష్ బండి వెనక కూర్చోవడం, నేను పుట్టి పెరిగిన ఊళ్ళోనే అతని పక్కన కొత్తగా నడవడం, దుకాణమాయన నన్ను "మేడం" అనడం కూడా.

"సీసీ కెమెరాల్లో వాడి తీసినవి చవగ్గా ఉన్నాయండి. పెళ్ళి వీడియో దాచుకోవడానికైతే మాత్రం వాటి జోలికి పోకండి. ఇది అయిదేళ్ళ వారంటీ," అన్నాడాయన. "బిగించేటప్పుడు నాలుగు స్క్రూలూ పెట్టండి. తిరిగేటప్పుడు కదిలిందంటే ఎంత మంచిదైనా పోతుంది."

సూర్యాపేటలో ఇంటికి రాగానే కంప్యూటర్ పక్క రేకు విప్పాం. కొత్త డిస్క్‌తో స్క్రూలు రాలేదు. లోపల పాత డిస్క్‌కు నాలుగున్నాయి. ఆ డిస్క్‌లో ఉమ పాటలున్నాయి. ఉమ మహేష్ చెల్లెలు. రెండేళ్ళ కింద జ్వరంతో పోయింది. ఆమె బతుకమ్మ పాటలు పాడిన వీడియోలు ఇంకెక్కడా లేవు. ప్రతి గురువారం మా అత్తమ్మ సరోజన పీట వేసుకుని కూర్చుని వాటిని వింటుంది.

"దేన్ని బిగియ్యాలె? నువ్వే చెప్పు," అన్నాడు మహేష్.

"మనదే!" అన్నాను. ఆ మాట అనడమే ఎంత బాగుందో!

పాతదానికి స్క్రూలు ఊడదీసి, వైర్లు అలాగే ఉంచి, అడుగున మడత పెట్టిన గుడ్డ మీద నిలబెట్టాడు.

అత్తమ్మ గడపలోంచి చూసింది. "గట్ల నిలబెట్టినవేందిరా? పడదా?"

"ఏం కాదమ్మా. ఆదివారం స్క్రూలు తెస్త."

ఆ ఆదివారం సాగర్ వెళ్ళాం. దారిలో హాలియాలో మిరపకాయ బజ్జీలు తిన్నాం. మరుసటి ఆదివారం మిర్యాలగూడలో సినిమా. స్క్రూల దుకాణం మా ఇంటికి రెండు వీధుల అవతలే. అత్తమ్మ అడిగినప్పుడల్లా "రేపు" అనేవాడు. గదిలోకి వచ్చాక ఆమె గొంతుతో "స్క్రూలు తెచ్చినవారా?" అంటే, నేను దిండులో ముఖం దాచుకుని నవ్వేదాన్ని.

మంగళవారం నా స్నేహితురాలు సింధు వచ్చింది. ఏసీలో కూర్చుని పెళ్ళి చూద్దామని, నడుస్తున్న కంప్యూటర్‌నే మా గది వైపు లాగాను. లోపల ఏదో దబ్బున పడింది. తర్వాత టిక్, టిక్. మా తలంబ్రాలు మాత్రం చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి.

సాయంత్రం మహేష్ పాతదాన్ని మూడుసార్లు పెట్టి చూశాడు. "ఖతం."

"హైదరాబాద్‌లో ఎవరైనా అందులోని పాటలు బయటికి తీస్తారేమో?"

"ఊటీ పోయొచ్చినంక సూద్దాం. అమ్మకు జెప్పకు."

గురువారం అత్తమ్మ ఎండలోంచి వచ్చింది. కొంగుముడి విప్పి నా అరచేతిలో నాలుగు స్క్రూలు పోసింది.

"నేనే పోయి తెచ్చిన. దుకాణపాయనకు నాలుగుసార్లు జెప్తే గాని సమజ్ గాలే. బిగియ్యి బిడ్డా, పడితే దెబ్బ తగుల్తది."

నాలుగూ బిగించాను. ఆమె వేలితో నొక్కి చూసింది.

"ఇగ కదలదు గద?"

"కదలదు అత్తమ్మా."

పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. "పెట్టు మరి."

"ముందు ఇది చూద్దాం," అని మా పెళ్ళి పెట్టాను. ఒక్క చోట కూడా ఆగలేదు.