తలుపు పట్టుకునే మనిషి

శనివారం పొద్దున స్నానం చేసి తల తుడుచుకుంటూ ఆమె బాత్రూమ్ తలుపు పిడి తిప్పింది. అది చేతిలో వట్టినే గిర్రున తిరిగింది. లోపల ఏదో విరిగింది, తాళం నాలుక కదలడం లేదు. ఫోనేమో మంచం మీద ఉంది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆఫీసుకు మూడు రోజులు సెలవు. ఉద్యోగానికని ఈ ఊరొచ్చి ఏడు నెలలైంది. ఆమెకు ఫోన్ చేసే మనిషి ఒక్కడే ఉండేవాడు, నాన్న. ఆయన పోయి రెండేళ్ళు. ఎదురింటావిడ మెట్ల మీద కనిపిస్తే తలొంచుకుని తప్పుకోవడమే తప్ప పలకరించింది లేదు. తను కనిపించడం లేదని మంగళవారం ఆఫీసులో ఎవరికైనా తోచాలి. తోస్తుందన్న నమ్మకమూ లేదు.

గొంతు చించుకుని అరిచింది. ఎవరూ పలకలేదు. భుజంతో గుద్దింది. లోపలికి తెరుచుకునే తలుపది, గుద్దేకొద్దీ ద్వారబంధానికి ఇంకా బిగుసుకుంది. ఇక చేతగాక బక్కెట్టు బోర్లించి దాని మీద కూలబడింది. అప్పుడు కళ్ళెదుట, తలుపును ద్వారబంధానికి పట్టి ఉంచే బందులు కనిపించాయి. మూడు. మూడూ తనవైపే.

నాన్న వడ్రంగి. ఆమె డిగ్రీ చదివే రోజుల్లోనూ సెలవొస్తే చాలు, తలుపులు బిగించే చోటికి వెంటబెట్టుకుని పోయేవాడు. స్నేహితురాళ్ళ కంట పడతానేమోనని ముఖానికి గుడ్డ కట్టుకుని, దుమ్ము పడదని సాకు చెప్పేది.

"నన్ను పరీక్షలకు చదవమంటావా, చిత్రిక పట్టమంటావా నాన్నా?"

"రెండూ. చదువు నేనివ్వలేను, నువ్వే తెచ్చుకోవాలి. నాకొచ్చింది ఇస్తున్నా. తీసుకోడానికి నామోషీ ఏంటి? రేపు ఆఫీసరమ్మవయ్యాక నీ గది తలుపు పట్టేస్తే ఎవర్ని పిలుస్తావ్? నాకు తీరిక ఉండొద్దూ?"

"నీకు తీరిక లేనంత పని ఎవరిస్తున్నార్లే."

చెవి మీది పెన్సిల్ కిందపడేలా నవ్వేవాడు.

ఆమె లేచింది. అద్దం దించి, అది వేలాడే మేకును అటూ ఇటూ ఆడించి ఊడబెరికింది. పాదాలు రుద్దుకునే రాయే సుత్తి. బక్కెట్టెక్కి, పై బందు రెక్కలు రెంటినీ కలిపి ఉంచే కడ్డీకి కిందనుంచి మేకు ఆనించి కొట్టింది. కడ్డీ ఊడి వచ్చింది. ఆ వెంటనే తలుపు కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది. మధ్య బందు మెలిపడి, ఎంత కొట్టినా కడ్డీ కదల్లేదు.

'పై బందు మీదే తలుపు వేలాడుతుందే పిచ్చిమొద్దూ. కిందనుంచి రా. పైది ఆఖరు.' వందసార్లు చెప్పి ఉంటాడు.

"మర్చిపోయాను నాన్నా," అంది పైకే. ఆ ఇంట్లో ఆమె గొంతు ఒక మనిషిని పిలవడం అదే మొదలు.

రబ్బరు చెప్పు తలుపు కిందికి తోసి, కాలితో దాన్ని ఇంకా లోపలికి తన్ని తలుపును పైకి లేపింది. పై కడ్డీని మళ్ళీ దిగ్గొట్టి, కిందనుంచి మొదలుపెట్టింది. కింది కడ్డీ, మధ్యది, చివరికి పైది. వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. బందులు పట్టుకుని లాగితే తలుపు బరువంతా ఆమె గుండెల మీద వాలింది. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

బయటికొచ్చి ఫోన్ చూసింది. రెండు గంటలు గడిచాయి. ఎవరూ చేయలేదు.

తలుపును రెండుసార్లు తిరిగి ఎక్కించబోయింది. రెండుసార్లూ జారిపోయింది. బందులు కలిపేటప్పుడు అవతల ఒకరు పట్టుకోవాలి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ పట్టుకునే మనిషి తనే. విసుక్కుంటూ, గుడ్డ కట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకున్నది తనే. నేర్పినందుకు ఒక్కసారైనా ఆయనతో మంచిమాట అన్నట్టు గుర్తులేదు.

తలుపును గోడకు ఆనించింది. తర్వాత వెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది.

కళ్ళజోడు సర్దుకుంటూ ముసలావిడ తెరిచింది. "తలొంచుకుని పోయే అమ్మాయివి కదూ? చేతికి ఆ రక్తమేంటే?"

"బాత్రూమ్‌లో ఇరుక్కుపోయి తలుపు ఊడదీశానండీ. ఎక్కించాలి. కాస్త పట్టుకుంటారా?"

"పొద్దున ఆ అరుపులు నీవేనా? టీవీ అనుకున్నా తల్లీ." ఆవిడ ముఖం చిన్నబోయింది. "నావి నొప్పుల మోకాళ్ళు మరి."

"బరువు నేను మోస్తా. మీరు ఆనుకుని నిలబడితే చాలు."

ఆవిడ వచ్చి, తలుపునూ బందులనూ ఎగాదిగా చూసింది. "ఇదంతా ఎవరు నేర్పారే నీకు?"

"మా నాన్న," అంది. కడ్డీ చేతిలోకి తీసుకుంది. "ఎక్కించేటప్పుడు పైది ముందండీ. మీరు అటు పట్టుకోండి."