జాలీ కింది చోటు

సబిహా రోజూ పొద్దున్నే పైనుంచి కిందికి ఊడ్చుకుంటూ వస్తుంది. అన్నిటికంటే పైన వేసవి అంతస్తు, అందులో అతిథుల గది. దాని కింద చలికాలపు అంతస్తు, రెండు మూరల మందం గోడలు, చెయ్యి పట్టేంత కిటికీలు. అట్టడుగున నీళ్ళ తొట్టి. రాతి పలకల కప్పు మీద పడ్డ ప్రతి చినుకూ గోడలోని గొట్టం గుండా అందులోకే దిగుతుంది. అల్బేనియా మొత్తం మీద మా జిరోకాస్తర్‌లో ఉన్నంత నిటారు వీధులు ఇంకెక్కడా లేవు. ఒకడి గుమ్మం ఇంకొకడి ఇంటికప్పుతో సమానం. అలాంటి చోట మూడంతస్తుల బురుజు ఇల్లు ఊడ్చి చూడండి, నడుం సంగతి తెలుస్తుంది.

ఆ రోజు రెండోసారి కూడా ఊడ్చింది. మధ్యాహ్నం బెరాత్ నుంచి పెళ్ళివారు వస్తున్నారు.

"ఈసారైనా పంచదార వెయ్యవే తల్లీ," అంది మేనత్త నజిరె, పొయ్యి దగ్గర పొరల రొట్టె తిరగేస్తూ. "ముగ్గుర్ని చేదు కాఫీ పోసి పంపావు. ఊళ్ళో మన కాఫీ పేరు చెప్తే మొహం మాడ్చుకుంటున్నారు."

పిల్ల ఒప్పుకుంటే తియ్యటి కాఫీ, లేదంటే పంచదార లేని కాఫీ. అంతకంటే మాటలుండవు.

"నేను వెళ్ళిపోతే నాన్నకెవరున్నారత్తా?"

"నేను లేనూ? గోడననుకున్నావా?"

"నీకు మోకాళ్ళ నొప్పులు. నాన్నకి మెట్లెక్కితే ఆయాసం. ఒకళ్ళనొకళ్ళు మోసుకుంటారా?" అని నవ్వేసింది సబిహా. నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. ఇదీ చేదు కాఫీయే.

తండ్రి వెహబీ అప్పుడే గడ్డం గీసుకుని వచ్చాడు. గడ్డం కింద తెగింది, చిన్న కాగితం ముక్క అంటించుకున్నాడు. "ఈ వయసులో చెయ్యి వణికితే ఇంతే," అన్నాడు. కూతురి వంక కాసేపు చూసి, ఏదో చెప్పబోయి, "కాఫీ గింజలు బాగా వేయించమ్మా," అని పైకెళ్ళాడు. ప్రతి అరడజను మెట్లకీ ఆగుతూ ఎక్కాడు.

అతిథుల గదిలో ఒక గోడకి ఎత్తుగా, చెక్క జాలీ వెనక, ఆడవాళ్ళు కూర్చునే సన్నటి అటక ఉంది. అక్కణ్ణుంచి చూస్తే కింద కూర్చున్న మగవాళ్ళు వాళ్ళ ఆఖరి రోజున ఎలా ఉంటారో అలా కనిపిస్తారు. ఆ ఇంటి ఆడవాళ్ళంతా అలాగే మొగుళ్ళని ఎంచుకున్నారు. నజిరె ఒక్కతే తొందరపడి చూడకుండా ఒప్పుకుంది. ముప్ఫై ఏళ్ళకే విధవరాలై పుట్టింటికి తిరిగొచ్చింది. ఇల్లు కట్టిన మేస్త్రీ తెలివైనవాడు. ఇంటి యజమాని కూర్చునే చోటు సరిగ్గా జాలీ కింద పెట్టాడు, పైనుంచి అది కనపడదు. కన్నతండ్రి ఆఖరి మొహం ఏ కూతురూ చూడకూడదు కదా. వెహబీ యాభై ఏళ్ళుగా ఆ చోటు వదిలి ఎరగడు. ఎవరొచ్చినా అక్కడే.

పెళ్ళివారొచ్చారు. పెళ్ళికొడుకు తాహిర్, అతని పెదనాన్న రుస్తెమ్. అత్తా కోడలూ అటకెక్కి జాలీకి కళ్ళానించారు.

తాహిర్ పొయ్యికి కుడివైపున కూర్చున్నాడు. పైకి కనిపించింది మాత్రం ఎనభై ఏళ్ళ ముసలాయన. తెల్లటి మీసం, నోట్లో పళ్ళు లేవు, అయినా దేనికో పగలబడి నవ్వుతున్నాడు.

"అబ్బో, నిండు నూరేళ్ళే," అని గుసగుసలాడింది నజిరె. "నవ్వు చూడవే. ఇలాంటివాడు మళ్ళీ దొరుకుతాడా?"

మంచివాడే అనిపించింది సబిహాకి. మనసు కాస్త కలుక్కుమంది కూడా. అయినా నాన్న?

"నీకు చెవుడొచ్చిందా రుస్తెమ్?" కింద వెహబీ గొంతు.

"ఆఁ? ఏమన్నావు? గట్టిగా చెప్పు, వినపడదు!" అని అరిచాడు పెదనాన్న.

"ఉండు, నీ పక్కకే వస్తా."

జాలీ కిందనుంచి వెహబీ లేచి, గది దాటి, రుస్తెమ్ పక్కన వెలుతుర్లో కూర్చున్నాడు.

సబిహా కళ్ళు మూసుకునే లోపే చూసేసింది. నాన్న మొహం మారలేదు. అదే నెరిసిన మీసం, అవే చెంపలు. గడ్డం కింద పొద్దున తెగిన గాటు. కాగితం లేదు, గాటు మీద పక్కు కట్టింది, ఇంకా రాలలేదు.

నజిరె ఆమె మణికట్టు పట్టుకుంది. అత్త వేళ్ళు మంచులా ఉన్నాయి.

సబిహా వంటగదిలోకి దిగింది. కాఫీ పొంగబోతుంటే దించింది. పంచదార డబ్బా మూత రాలేదు, పళ్ళతో పీకింది. రెండు చెంచాలు వేసింది, చాలదనిపించి ఇంకొకటి వేసింది. పెళ్ళి జరిగే శరత్కాలం దాకా నాన్న ఉండడు, తను లేకుండా ఆయన ఒంటరిగా మిగిలిపోయే రోజంటూ ఇక రాదు. ఈ నాలుగు రోజులూ ఆయన బెంగ లేకుండా ఉండాలి, తన చేతిలో ఉన్నదదొక్కటే. పళ్ళెం మేడెక్కించి గోడలోని తిరిగే అలమరలో పెట్టి తోసింది. అవతలి వైపు వెహబీ అందుకున్నాడు.

అలవాటు ప్రకారం ముందు ఇంటి యజమానే తాగాలి. గుటక చప్పుడు వినిపించింది.

"తియ్యగా ఉంది," అన్నాడు వెహబీ. "పెళ్ళి శరత్కాలం దాకా ఎందుకు? గురువారం చేసేద్దాం."

ఊరంతా నోళ్ళు నొక్కుకుంది. మూడు రోజుల్లో పెళ్ళేమిటి, ఆడపిల్లకేమైనా తొందరా అని ఆడిపోసుకున్నారు. గురువారం వెహబీ కూతుర్ని గుర్రం ఎక్కించి, కళ్ళెం పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. శుక్రవారం మధ్యాహ్నం తన చోట్లో దిండుకి ఆనుకుని అలాగే పోయాడు. డాక్టరు వసంతంలోనే చెప్పాడట గుండె పనైపోయిందని, వెహబీయే ఎవరికీ చెప్పలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు హల్వా పంచడానికి సబిహా, తాహిర్, రుస్తెమ్ వచ్చారు. అతిథుల గది నిండా జనం, మాటలు, గిన్నెల చప్పుడు. గుమ్మం అవతల నిలబడి సబిహా అత్త చెవిలో నెమ్మదిగా అంది:

"రుస్తెమ్ గారికి చెవుడు లేకపోతే నాన్న లేచేవాడే కాదు. నేను చేదు కాఫీయే పంపేదాన్ని."

గదిలో అటు చివర కూర్చున్న రుస్తెమ్ తలెత్తాడు.

"నాకు చెవుడేమిటమ్మా?" అన్నాడు. "వాకిట్లోనే మీ నాన్న చెయ్యి పట్టుకుని అడిగాడు. 'వినపడదని కేకెయ్యి, నేనొచ్చి నీ పక్కన కూర్చుంటా' అన్నాడు. ఎందుకని అడిగితే, 'మా అమ్మాయికొక మాట చెప్పాలి, నోరు రావట్లేదు' అన్నాడు."

సబిహా గదిలోకి నడిచింది. మగవాళ్ళంతా చూస్తుండగా జాలీ కింద, నాన్న చోట్లో కూర్చుని, దిండు మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు.