ఆశ్రితుల దర్బారు

"నీకేం, నువ్వు గట్టిదానివి!"

పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆమెకు ప్రదానమవుతూ వచ్చిన ఏకైక బిరుదు అది. ఒళ్ళు కాలిపోతున్నా ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన రోజున దాంతోనే సత్కరించారు, విశ్రాంతితో కాదు. ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర కొలువుదీరిన సభ ఆ బిరుదును మరొకసారి ప్రకటించింది. బఠానీలు ఒలుస్తూ ఆమె తలవంచి స్వీకరించింది.

మందుసీసాల లేబుళ్ళలో అచ్చుతప్పులు దిద్దే ఆమె ఉద్యోగాన్ని పోయిన నెల ఒక యంత్రానికి ధారాదత్తం చేశారు. దాంతోపాటే ఆరోగ్యబీమా కూడా పోవలసిందే గాని, సొమ్మంతా ఇకమీదట తానే కట్టుకునేట్టయితే కొనసాగించుకోవచ్చని కంపెనీ దయతలచింది. గడువు ఈ సాయంత్రం. ఆమె చేతికొచ్చిన సొమ్ము రెండు తలలకే చాలుతుంది. ఇంట్లో ఉన్నవి మూడు. ఏ తల తగ్గించాలన్నదే సభ ముందున్న ధర్మసందేహం.

ఆ పాలసీలో భర్తా అత్తగారూ ఆమెకు ఆశ్రితులు. కాగితం మీద తప్ప మరెక్కడా చెల్లని ఆ సత్యాన్ని ఆమె ఏనాడూ పైకి అనలేదు. ఏనాటికైనా మహావ్యాపారం ప్రారంభించబోయే భర్త మనసు నొచ్చుకోకూడదు కదా.

"అమ్మకి కంటి ఆపరేషనుంది. నాకు షుగరు," అన్నాడు భర్త, ఆస్తులు చదివినట్టు. "నీకేముంది చెప్పు?"

ఆమెకూ ఉంది. నెలల తరబడి ఆగని రక్తస్రావం. గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలనీ, ఆలస్యం చేయవద్దనీ డాక్టరమ్మ చెప్పినప్పుడు సెలవు దొరకలేదు. ఇప్పుడు సెలవులకేం కొదవలేదు.

"అదే, ఆ పరీక్ష చేయించుకోవాలి కదండీ..."

"డాక్టర్లు జలుబుకీ పరీక్షలే రాస్తారు," అన్నాడు భర్త.

"ఆ వయసులో నాకూ అయింది, అమ్మాయ్. అదే ఆగింది," అన్నారు అత్తగారు, బఠానీ ఒకటి నోట్లో వేసుకుంటూ. "ఉద్యోగం దొరికాక మళ్ళీ చేరుదువుగానీ. ఎక్కడికి పోతావు?"

ఎక్కడికి పోతానో తేల్చే పరీక్షే కదా అది, అనుకుంది ఆమె. మెట్ల మలుపులో గోడకానుకుని ఊపిరి కూడదీసుకోవడం, కుర్చీలోంచి లేస్తూనే వెనక్కి చూసుకోవడం, ఎవరూ లేవకముందే దుప్పటి ఉతికేసుకోవడం: ఇంత నేర్పుగా దాచినదాన్ని ఎవరూ చూడలేదని నిందించడానికి నోరు రాలేదు. చూసీ చూడనట్టుండటంలో వాళ్ళ నేర్పూ తక్కువదేమీ కాదు.

భర్త బీమా ఆఫీసుకు ఫోను కలిపి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. తన పేరు తీసేయమని ఆమే చెప్పింది.

"కుదరదండీ," అంది అవతలి అమ్మాయి. "పాలసీ మీది. మీరు లేకపోతే మిగతావాళ్ళూ ఉండరు. మిగతా ఇద్దరిలో ఎవరినైనా తీయొచ్చు."

భర్త కాసేపు పైకప్పును పరిశీలించాడు. ఆ తర్వాత తల్లివైపు తిరిగాడు.

"ఒక కన్ను బాగానే కనిపిస్తోందిగా అమ్మా. నీకేం, నువ్వు గట్టిదానివి."

అత్తగారి చేతిలోని బఠానీ చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ కొడుకు ముఖాన్ని, కనిపించే కంటితోనే, చాలాసేపు చూశారు. చూసి, తలవంచి స్వీకరించారు. తలవంచడంలో ఆ అలవాటు, ఆ వాటం అచ్చం తనవేనని ఆమె గుర్తుపట్టింది.

"ఎవరి పేరు తీయమంటారండీ?" అంది ఫోను.

"మా ఆయనది," అంది ఆమె.

ఆ మాటకు ఆ ఇంట్లో ఏ బీమా వర్తించదని తెలిసే అంది.